ఒకటి ఎక్కువ

పిల్లకి లెక్కలు రావంటే మాత్రం నేనొప్పుకోనండి మేడం గారూ. పుస్తకం నిండా ఎర్ర పెన్నుతో ఇంటూలు కొట్టేసి, రేపు మీ నాన్నని తీసుకురా అని పంపించారు. వచ్చాను. నర్సరీలో మామిడంట్లు కట్టడం సగంలో వదిలేసి, సైకిలేసుకుని వచ్చేశాను. చూడండి, గోళ్ళల్లో మట్టి కూడా పోలేదు.

వద్దండి, నించుంటాను. ఈ కుర్చీలు యూకేజీ పిల్లలవి కదా, నా బరువుకి విరిగి ఊరుకుంటాయి. ఆయ్, ఈ గుమ్మం గట్టు మీద కూర్చుంటాన్లెండి.

పిల్లేదండీ? జారుడుబల్ల దగ్గరుందా? ఆయమ్మ చూస్తుందా? సరే, ఆడుకోనివ్వండి. ఇవన్నీ అది వినకపోతేనే మంచిది.

ఏదీ, ఆ పుస్తకం ఇలాగివ్వండి. బాతులు... రెండు, నాలుగు, ఆరు. ఆరే ఉన్నాయి. మా పావని ఎంతని రాసింది? ఏడు. ఊఁ. చిలకలు నాలుగు, ఐదని రాసింది. పిల్లికూనలు మూడు, నాలుగని రాసింది.

బొమ్మలే సరిగ్గా అచ్చు పడలేదేమోనండి! ఈ రెల్లు దుబ్బు వెనకాల ఏ బాతు ముక్కో కనపడి ఉంటాది దానికి. చిన్నపిల్లల కళ్ళండి బాబూ, మనకి ఆనవు వాళ్ళకి ఆనినవి.

గొడుగులా? గొడుగులు ఎనిమిది. ఎనిమిదే వేసింది. బంతులు ఐదు, ఐదే. అరటిపళ్ళు తొమ్మిది, సుబ్బరంగా తొమ్మిది వేసింది. మరి ఇవన్నీ రైటే కదండీ! ఓ, వీటికి రైటే పెట్టారా. కళ్ళజోడు తెచ్చుకోలేదండి.

ఏమన్నారు? మళ్ళీ చెప్పండి.

ప్రాణం ఉన్నవాటికే ఒకటి ఎక్కువేస్తుందా?

బాగానే కనిపెట్టారండి మీరు. నలభై మంది పిల్లల్లో ఒక్కదాని లెక్క ఇంత జాగ్రత్తగా చూశారంటే... చాలా సంతోషమండి.

అయినా మేడం గారూ, ఒకటి ఎక్కువైతే ఏం కొంపలు మునిగిపోయాయండీ? మా నర్సరీకొచ్చి చూడండి ఒకసారి. వ్యానుకి మొక్కలెక్కిస్తుంటే గట్టు మీద కూర్చుని లెక్కెట్టేది అదే. లాభం, రెండు, మూడు, నాలుగు... మేం ఒకటిని ఒకటనం కదండీ, లాభం అంటాం. ఏడుని ఏడనం. ఏడుపని, ఆరున్నొకటి అంటాం. పోయినేడు ఎల్‌కేజీలో అది లాభం, రెండు అని చదివితే టీచర్లంతా నవ్వుకున్నారంట. ఇంటికొచ్చి నా మీద అలిగింది. వంద కవర్లవగానే ఒక గులకరాయి పక్కనెట్టుకుంటాది. మొన్న క్రోటన్లు మూడొందల ముప్పై వెళ్ళాయండి రాజమండ్రికి. ఒక్క కవరు తేడా రాలేదు. దానికి లెక్కలు రావంటే నేనెలా ఊరుకుంటాను చెప్పండి?

అడిగారా? దాన్నే అడిగారా, ఏడో బాతెక్కడే అని?

ఏమంది?

"ఇంకా రాలేదు టీచర్. వస్తాది." అలాగే అందా?

...కొంచెం మంచినీళ్ళున్నాయా అండి.

దాని తల్లి ఇక్కడ లేదు కదండీ. జాయిన్ చేసేటప్పుడు మీరే అడిగి రాసుకున్నారు, పేరు వెంకటదుర్గ, ఉండేది కువైట్ అని. మా వైపు నుంచి ఎంతమంది ఆడాళ్ళు వెళ్ళలేదండీ అలాగ? ఒకళ్ళు వంటకి, ఒకళ్ళు పిల్లల్ని చూసుకోడానికి. మా వీధిలోనే ముగ్గురు.

దుర్గ వెళ్తానన్లేదండి. నేనే పంపాను.

మాది తాటాకిల్లు. తొంభయ్యారు గాలివానకి మొత్తం లేచిపోయింది, మళ్ళీ నేసుకున్నాం. పెళ్ళయిన దగ్గర్నుంచీ నాకదే పిచ్చి, స్లాబెయ్యాలి, స్లాబెయ్యాలి అని. రెండేళ్ళే కదా, కళ్ళు మూసుకుంటే అయిపోతాయి అన్నాను. "పిల్ల ఇంకా పాలే మానలేదు కదా బావా" అంది. అదే మానుతాదిలే అన్నాను.

అలాగే అన్నానండి. ఆ మాటే.

రాజమండ్రి స్టేషన్లో రైలెక్కించాను. పిల్ల నా భుజం మీద ఉంది, రెండేళ్ళది. రైలు కదిలాక కూడా కిటికీ ఊచలట్టుకుని పిల్లనే చూసింది. నన్ను చూడలేదు.

తర్వాత బాగానే ఉందండి. శుక్రవారం శుక్రవారం సెంటర్లో ఎస్టీడీ బూతుకి ఫోను చేసేది. వాళ్ళకి శుక్రవారం సెలవంట. నేనూ పిల్లా తలకి పోసుకుని, పౌడరేసుకుని వెళ్ళేవాళ్ళం. నవ్వకండి, ఫోనుకి పౌడరెందుకంటారా? పిల్ల ఊరుకునేది కాదు. అమ్మ చూస్తాది అనేది.

అలా ఒక శుక్రవారం చెప్పింది దుర్గ. "బావా, ఇక్కడ పిల్లలకి మందం అట్టల పుస్తకాలుంటాయి. పేజీకో అంకె, పక్కన అన్ని బొమ్మలు. వీళ్ళని ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేనే తిప్పుతాను. వీళ్ళ మాట నాకు రాదు కదా, తెలుగులోనే ఒకటి, రెండు అంటాను. వీళ్ళ చిన్నోడు నిన్న వాళ్ళమ్మ ముందు 'మూడు' అనేశాడు. ఆవిడ కంగారుపడిపోయింది, ఇదేం మాటా అని!" అని ఒకటే నవ్వు. నవ్వి నవ్వి ఆగిపోయింది. తర్వాతంది, "ఎవళ్ళ పిల్లలకో చెప్తున్నాను. నా పిల్లకి ఎవరు చెప్తారు?"

నేను చెప్తానే అన్నాను. నాకేం వచ్చండీ, ఏడో తరగతి తప్పినోణ్ణి. అయినా అన్నాను.

సువార్తమ్మ అని ద్రాక్షారామం ఆవిడ, కువైట్లో దుర్గ ఉండే ఇంటికి రెండు వీధులవతల పని చేసేది. ఆవిడ సెలవుకొస్తుంటే ఆవిడ చేతికిచ్చి పంపింది ఒక పుస్తకం. అబ్బో, ఆ అట్టలు, ఆ రంగులు! ఒంటెలు, పావురాలు, చేపలు. పిల్ల దాన్ని వాసన చూసింది ముందు. "అమ్మ వాసన" అంది. ఏం వాసనండీ, సువార్తమ్మ పెట్టెలో సబ్బుల వాసన. ఆయ్, అమ్మ వాసనే అన్నాను.

తమాషా ఏంటంటే, మొదటి పేజీ తీస్తే పది చేపలు! తర్వాత తొమ్మిది, ఎనిమిది... చివరాఖరికి ఒక ఒంటె. ఇదేం పుస్తకమే బాబూ, తలకిందులుగా ఉంది అనుకున్నాం. నెల రోజులు అలాగే పది నుంచి ఒకటికి దిగేవాళ్ళం. అరబ్బీ పుస్తకం కుడి వైపు నుంచి తియ్యాలని దుర్గ ఫోన్లో చెప్పేదాకా తెలీలేదండి మాకు. పోయినేడు ఐదు రాయమంటే సున్న చుట్టిందని మీ ఎల్‌కేజీ టీచరు గారు తిట్టారు కదా, ఆ పుస్తకంలో ఐదు అలాగే ఉంటాదండి. అది చూసిందే రాసింది.

సాయంత్రం పనయ్యాక, స్నానం చేసి, మంచం వాల్చి అరుగు మీద కూర్చునేవాళ్ళం. వెలుతురుండగానే చదివెయ్యాలి, కరెంటు ఉంటాదో పోతాదో. అది బొమ్మ మీద వేలెట్టేది, నేను అంకె చెప్పేవోణ్ణి. నాలుగు రోజుల్లో అదే చెప్పడం మొదలెట్టింది. ఎంత సరదాగా ఉండేదంటే, నర్సరీలో కూడా మధ్యాన్నం నుంచీ ఆ పేజీలే గుర్తొచ్చేవి నాకు.

రెండో పేజీలో రెండు పావురాలుంటాయండి, గోడ మీద. ఒకరోజు వేలెట్టి, "ఇది నాన్న, ఇది పావని" అంది. భలే, ఎన్నయ్యాయి అన్నాను. "రెండు." భలే భలే అన్నాను. అప్పుడు నా మొహంలోకి చూసి, "మరి అమ్మేదీ?" అంది.

మీరైతే ఏం చెప్తారండీ?

"మేతకెళ్ళింది. వచ్చేస్తాది. దాన్ని కూడా కలిపెయ్యి" అన్నాను. "అయితే మూడు" అంది. చప్పట్లు కొట్టాను.

అంతేనండి. అక్కణ్ణుంచి ఏ పేజీ తీసినా అమ్మని కలపడమే. చేపలు పదైతే పదకొండు. ఒంటె ఒకటైతే రెండు. ఫోన్లో చెప్పేది, "అమ్మా, పుస్తకంలో నువ్వున్నావు, కనపడవు గానీ" అని. అటు నుంచి, మళ్ళీ చెప్పవే అనేది దుర్గ. అవతల దానికి బిల్లు తిరుగుతూనే ఉండేది.

మా పక్కింటి సంపూర్ణమ్మ గారు ఒకసారి విని, "ఒరే అప్పాజీ, పిల్లకి తప్పు నేర్పిస్తున్నావురా, రేపు బళ్ళో వెయ్యాలి" అంది. చిన్నది కదండీ, వాళ్ళమ్మొచ్చేస్తే అదే సరిపోతాదిలే అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. మనిషొచ్చి మంచం మీద కూర్చుంటే లెక్క సరిపోద్ది కదా.

రెండేళ్ళయ్యాయి. స్లాబు పడింది. దుర్గ ఫోన్ చేసి, "వచ్చే నెల వచ్చేస్తున్నాను బావా, టిక్కెట్టు వీళ్ళే తీస్తారంట" అంది. ఎంత హుషారుగా ఉందో గొంతు!

నేనేమన్నానో తెలుసా అండి? గచ్చవలేదు, గోడలకి సున్నం లేదు, ఇంకో ఏడుండిపో అన్నాను.

ఆవిడ ఫోను పిల్లకిమ్మంది. పిల్ల ఏదో పాట పాడింది. తర్వాత "సరే" అని పెట్టేసింది. అరిచినా బాగుండేదండి. తిట్టినా బాగుండేది.

పై శుక్రవారం ఫోన్ రాలేదు. ఆ పై శుక్రవారం రాలేదు. అప్పుడే పుష్కరాలు. ఊళ్ళోకి ఎక్కడెక్కడి జనమో వచ్చారు, బూతు దగ్గర లైన్లు. లైను దొరక్క చెయ్యలేదేమో అనుకున్నాను. పుష్కరాలయిపోయాయి. మేం పౌడరేసుకుని వెళ్తూనే ఉన్నాం. బూతాయన మమ్మల్ని చూసి మొహం అటు తిప్పుకునేవోడు. దసరా దాకా వెళ్ళాం. దసరా తర్వాత పిల్లే, "ఇవాళ శుక్రవారం కాదులే నాన్నా" అంది. శుక్రవారమేనండి. దానికి తెలుసు.

ఇప్పుడా ఇల్లు... ఏం చెప్పమంటారు. సున్నం వేయించాను, గచ్చు చేయించాను. మాట్లాడితే మోగుతాది. గిన్నె కింద పెడితే ఊరంతా వినపడ్డట్టుంటాది. తాటాకింట్లో ఇద్దరమున్నా ముగ్గురున్నట్టుండేది. పిల్ల బడికొచ్చేశాక, పని లేని రోజున కూడా నేను నర్సరీకే పోయి కూర్చుంటానండి, మొక్కల మధ్యన.

కాదండీ. పిల్ల తెలీక రాయట్లేదు. అదే చెప్పాలని వచ్చాను, చెప్పలేక ఏదేదో వాగుతున్నాను.

దానికి తెలుసు. బొమ్మలో ఆరుంటే ఆరే అని దానికి తెలుసు.

మొన్న శ్రావణమాసంలో ఒకరోజు సాయంత్రం ఇంటికెళ్ళాను. అరుగు మీద ఆ పుస్తకం ముందేసుకుని కూర్చుంది. నన్ను చూసి రెండో పేజీ తీసింది. తనంతట తనే పావురాల మీద వేలెట్టి, "నాన్నా, రెండే కదా ఉన్నాయి. మనిద్దరమే కదా" అంది. ఏడుస్తూ అన్లేదండి. కొత్తగా ఏదో కనిపెట్టినట్టు, సంతోషంగా అంది. మీరిక్కడ బాగా చెప్తున్నారు కదా, ఎన్నుంటే అన్నే రాయాలని. అదొచ్చేసింది దానికి.

కొట్టానండి.

పుట్టాక ఒక్క దెబ్బ వెయ్యలేదు మేడం గారూ, ఒట్టు. చెంప మీద కొట్టాను. "రెండంటావా? అమ్మని తీసేస్తావా?" అని అరిచాను. సంపూర్ణమ్మ గారు గోడవతల నుంచి పరిగెత్తుకొచ్చింది.

పిల్ల ఏడవలేదు. చెంప పట్టుకుని పుస్తకం వైపు చూసి, మెల్లిగా, "మూడు నాన్నా. మూడు" అంది. మళ్ళీ నా మొహం చూసి, "అన్నింటికీ కలుపుతాలే" అంది.

అప్పట్నుంచి కలుపుతూనే ఉందండి. ఇంటి దగ్గర కాబట్టి నాకోసం అంటుందిలే అనుకున్నాను. ఇక్కడ బడి పుస్తకంలో కూడా రాస్తుందని, మీరు ఎర్ర ఇంటూ కొట్టినా రాస్తుందని నాకు తెలీదండి. ఈ ఇంటూలన్నీ నావి. దానివి కావు.

ఎందుకు కొట్టానా? ఆ రోజే ఎందుకంత కోపమొచ్చిందా?

మీరడక్కుండా ఉంటే బాగుండేదండి.

ఎవరికీ చెప్పలేదు. సంపూర్ణమ్మ గారికి కూడా చెప్పలేదు.

ఆ రోజు పొద్దున్న రావులపాలెం వెళ్ళాను, వ్యానులో మొక్కలేసుకుని. బస్టాండు ఎదురుగా దింపుతున్నాం. పెనుగొండ బస్సు వచ్చి ఆగింది. ఎవరో చూస్తున్నట్టనిపించి తలెత్తాను. కిటికీ పక్క సీట్లో దుర్గ.

ఆయ్. దుర్గేనండి.

సువార్తమ్మ నాకు ముందే కబురు చేసింది. దుర్గ వచ్చేసి నాలుగు నెలలైంది, పెనుగొండలో వాళ్ళక్క దగ్గర ఉంటుంది, వెళ్ళి తెచ్చుకో అప్పాజీ, అని. నేను వెళ్ళలేదు. తనే రావాలి అనుకున్నాను. నా ఇంటికి, నేను కట్టిన ఇంటికి. ఎవరి రెక్కల మీద కట్టానో అది మాత్రం గుర్తు రాలేదు.

చిక్కిపోయిందండి. మెళ్ళో నల్లపూసలున్నాయి, చూశాను. నేను చేతిలో క్రోటన్ కవరట్టుకుని కిటికీ కిందకి వెళ్ళి నించున్నాను. ఏదో ఒకటి అంటాదనుకున్నాను. కువైట్ గురించి గానీ, ఫోన్ గురించి గానీ ఒక్క మాట లేదు.

"పాప బాగుందా బావా?" అంది.

బాగుంది అన్నాను.

"ఎంతయింది?" అంది. చెయ్యి నడుం దగ్గర పెట్టి చూపించాను, ఇంత అని. నా చెయ్యి వైపు అలా చూస్తూ ఉండిపోయింది, అక్కడ పిల్లున్నట్టు.

డ్రైవరు హారన్ కొట్టాడు. అప్పుడడిగింది. "నన్ను అడుగుతుందా?"

మేడం గారూ, నేను 'రోజూ' అని ఒక్క మాట అంటే చాలండి. రోజూ ప్రతి పేజీలో నిన్ను లెక్కెడుతుందే అంటే చాలు, ఆ మనిషి బస్సు దిగిపోయేది. నాకు తెలుసు. కిటికీ కడ్డీ మీద పెట్టిన చెయ్యి చూస్తేనే తెలుస్తుంది.

"లేదు. మర్చిపోయింది" అన్నాను.

ఎందుకన్నానంటే ఏం చెప్పను. ఏడిపిద్దామని. పుష్కరాల నుంచీ నేనూ పిల్లా పౌడరేసుకుని తిరిగిన శుక్రవారాలన్నీ ఒక్క దెబ్బకి దానికి తగలాలని. 'అబద్ధం, నా పిల్ల నన్ను మర్చిపోదు' అని అరుస్తాదనుకున్నాను. అరిస్తే నవ్వి, దిగవే అందామనుకున్నాను.

అరవలేదండి. నమ్మేసింది.

చెయ్యి లోపలికి తీసుకుంది. బస్సెళ్ళిపోయింది సిద్ధాంతం వంతెన వైపు. నేను ఆ కవరట్టుకునే నించున్నాను. వ్యాను డ్రైవరు పిలుస్తున్నాడు, అప్పాజీ, ఇంకా యాభై ఉన్నాయి రా అని.

ఆ సాయంత్రం ఇంటికెళ్తే, పిల్ల 'రెండే' అంది.

అందుకండి కొట్టాను.

వెళ్ళి తీసుకురమ్మంటారా? పెనుగొండ ఎంత దూరం, గంటన్నర. దూరం గురించి కాదు కదండీ. వెళ్ళి గుమ్మంలో నించుని, నేను అబద్ధం చెప్పానే అని చెప్పాలి కదా. రెండుసార్లు బస్సెక్కాను. రావులపాలెంలో దిగి వచ్చేశాను.

నా సంగతి వదిలెయ్యండి. పిల్ల లెక్కల సంగతి చూడండి. రేపు క్లాసులో మీరే దానికి చెప్పండి మేడం గారూ, దగ్గర కూర్చోబెట్టుకుని, మెల్లిగా. బొమ్మలో ఎన్నుంటే అన్నే రాయమ్మా, మీ నాన్నేమీ అనడు అని. మీ మాటంటే దానికి గురి. నేను చెప్పకూడదా అంటే... మూడని చెంప మీద కొట్టినోణ్ణి, ఇప్పుడు రెండని ఏ మొహం పెట్టుకుని చెప్పనండీ?

వస్తానండి. పావనీ! చెప్పులేసుకో అమ్మా, వెళ్దాం.